గిలిగిచ్చ మడి పీకిన రోజు

మాలీ పనిలో పడ్డవాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎండిన ఆకు కనబడితే చెయ్యి ఊరుకోదు. బస్సు కోసం నిలబడ్డా, పెళ్లికి పోయినా, ఎవరింటి కుండీలోనో పండుటాకు కనబడితే గిల్లి కింద పడేస్తాం. ఆ ఇంటివాళ్లు మనల్ని పిచ్చోళ్లని చూసినట్టు చూస్తారు. అయినా గిల్లుతాం.

ఇప్పుడు తోటపనికి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "అమ్మా, ఇన్నేండ్లు చేసినవు, మంచి మాట ఒకటి చెప్పు" అంటారు. మంచి మాటలు నా దగ్గర లేవు. చేసిన తప్పు ఒకటి ఉంది. అది మంచి మాట కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం, అందుకే రాస్తున్నాను.

కంచన్‌బాగ్ వైపు ఒక సర్కారు కార్ఖానా, దాన్ని ఆనుకుని స్టాఫ్ కాలనీ. మా ఆయన ఆ కార్ఖానాలో పనిచేస్తూ పోయాడు. ఆయన పోయాక నాకు కాలనీలో మాలీ పని ఇచ్చారు. అప్పటికి నాకు పార పట్టడం వచ్చు, ఇంకేమీ రాదు.

మా కాలనీలో తోట అంటే కటింగే. లాన్ కటింగు, కంచె మొక్కల కటింగు, రాలిన ఆకులు ఊడ్చుడు. పెద్దవాళ్లెవరైనా చూడడానికి వస్తున్నారంటే రెండు రోజుల ముందు నుంచి చెట్ల మొదళ్లకు సున్నం, దారి పక్క ఇటుకలకు జాజు. పూలు తక్కువైన చోట బంతి కుండీలు తెచ్చి, కుండీలతో సహా మట్టిలో పాతేసేవాళ్లం. చూసినవాళ్లకు నిన్నా మొన్నా నాటిన మొక్కల్లా ఉండవు, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుంటాయి. వాళ్లు పోయాక తవ్వి తీసేవాళ్లం. ఇది మోసమని నాకు ఏనాడూ అనిపించలేదు. ఇంటికి చుట్టాలొస్తే మంచం మీద కొత్త దుప్పటి పరిచినట్టే అనుకున్నాను.

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా తోటల ఆఫీసరుగా ఒక పిల్ల వచ్చింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. వచ్చిన వారంలోనే లాన్‌ను చూడకుండా దాటిపోయి, పంప్‌హౌస్ దగ్గర ప్రహరీ గోడ వెంట ఉన్న పాడు జాగాలో నిలబడింది. విరిగిన ఇటుకలు, వయ్యారిభామ తప్ప అక్కడ ఏమీ లేవు.

"ఇక్కడ గిలిగిచ్చ పెంచుదాం" అంది.

నాకు నవ్వొచ్చింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. గిలిగిచ్చ నడుమెత్తు పెరిగే మొక్క. జనుముకు చుట్టం. పసుపు పచ్చ పువ్వు పూస్తుంది. కాయ ఎండితే లోపల గింజలు ఊడి, గాలి వీచినప్పుడు గలగలమంటాయి. మా చిన్నప్పుడు ఆ కాయలు కాళ్లకు కట్టుకుని గజ్జెలని ఎగిరేవాళ్లం. గడ్డి నేలల్లో, బండల సందుల్లో దానంతట అది మొలుస్తుంది.

"మేడం, గది పెంచేది కాదు, పీకేది" అన్నాను.

"అందరూ అట్లనే పీకిండ్రు కాబట్టే పెంచుదాం అంటున్నానమ్మా" అంది ఆ పిల్ల.

నాతోపాటు ఇంకో మాలీ ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, అందరం చాచా అని పిలిచేవాళ్లం. వాళ్ల తాతల కాలం నుంచీ తోటపనే. ఆ పిల్ల మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. పువ్వు తుమ్మెదల కోసమట. కాయల్లో గింజలు తినే పురుగులుంటాయి, మందు కొట్టొద్దు, వాటి కోసం పిట్టలొస్తాయి. అన్నిటికంటే వింత, కొన్ని జాతుల సీతాకోకచిలుకల్లో మగవి వెతుక్కుంటూ వచ్చేది పువ్వు కోసం కాదట, ఎండిన కాడల కోసమట. వాడిన కాడల రసం పీలిస్తేనే వాటి ఒంట్లో ఆడవాటికి నచ్చే వాసన పుడుతుందట.

చాచా తల ఊపాడు. "సమజ్ అయింది మేడం. పెండ్లి దూల్హాకు అత్తర్ దుకాణం పెడుతున్నం మనం."

ఆ పిల్ల నవ్వి, ఆ తర్వాత నవ్వకుండా చెప్పింది. "అందుకే, ఎండినా సరే ఒక్క మొక్క తియ్యొద్దు. ఎండిన తర్వాతే మనకు అసలు పని."

ఈ మాట నేను విన్నాను. చెవిటిదాన్ని కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

విత్తనాల కోసం నయాపూల్ దగ్గర దుకాణానికి పోయాను. దుకాణమాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "గడ్డి చచ్చే మందు కావాలంటే ఇస్తనమ్మా, గడ్డి ఇత్తులు నేను అమ్మను" అన్నాడు. పక్కన నిలబడ్డవాళ్లంతా నవ్వారు. చివరికి చాచాకే యాదికొచ్చింది. చాంద్రాయణగుట్ట దాటాక ఇళ్ల కోసం చదును చేస్తున్న ఒక గుట్ట వాలు మీద నాలుగు పొదలు మిగిలి ఉన్నాయి. వేసవిలో ఇద్దరం సంచి పట్టుకుని పోయి, జేసీబీ అటు తిరిగినప్పుడల్లా ఇటు కాయలు కోసుకొచ్చాం. గింజలు రాయిలా ఉంటాయి. మొదటి పిడికెడు ఊరికే చల్లితే ఒక్కటీ మొలవలేదు. చాచా మిగతావాటిని ఇసుకతో కలిపి గోనె సంచిలో పోసి, బట్టలు ఉతికినట్టు రుద్దాడు. రెండో వానకు మడి నిండా మొలిచాయి.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ఆ జాగా మీద మా సూపర్‌వైజర్ కన్ను ఎప్పటి నుంచో ఉంది. అక్కడ సిమెంటు పోసి స్కూటర్ల పార్కింగు చేయించాలని ఆయన కోరిక. ఆ పిల్ల కొట్లాడితే పైవాళ్లు ఒక్క ఏడాది గడువిచ్చారు. కార్తీకం చివర కార్ఖానా పెద్దసారు వచ్చి చూస్తాడు. మడి పనికొచ్చేదని అనిపిస్తే ఉంటుంది, లేకపోతే సిమెంటు. ఆమె మాట, మా ముగ్గురి చెమట, అన్నీ ఆ ఒక్క రోజు మీద ఉన్నాయి.

దసరా నాటికి మడి పచ్చగా పూసింది. తుమ్మెదల మోత పంప్ మోటారు మోతలో కలిసిపోయేది. చాచా టిఫిన్ డబ్బా అక్కడికే తెచ్చుకునేవాడు. దీపావళి దాటాక కింది నుంచి ఎండడం మొదలైంది. ఆకులకు చిల్లులు, కాయలు నల్లబడ్డాయి, కొన్ని మొక్కలు మొత్తమే పుల్లలయ్యాయి. వాకింగుకు వచ్చేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

"ఏమ్మా, నీళ్లు పోస్తలేరా?"

"జీతం తీసుకుంటున్రు గదా, గా చెత్త తియ్యరాదా?"

ఒకామె నవ్వుతూనే, "రిటైరయ్యే టైముకు మాలీ అమ్మ కూడా ఎండిపోయింది, మడి కూడా ఎండిపోయింది" అంది. ఆ మాట నాకు లోపల దిగింది. అన్నేళ్లలో నా మడిని చూసి ఎవరూ ముక్కు చిట్లించలేదు.

పెద్దసారు శనివారం వస్తాడని కబురొచ్చింది. శుక్రవారం పొద్దున ఆఫీసరు పిల్ల పెద్దాఫీసులో మీటింగుకు పోయింది. సూపర్‌వైజర్ సైకిల్ మోటారు ఆపి, కాలు దించకుండానే అన్నాడు: "రేపు సారొస్తుండు. అంతా సాఫ్ ఉండాలె. నాకు లొల్లి కావద్దు."

ఆయన గిలిగిచ్చ పీకమని అనలేదు. అంతా సాఫ్ అన్నాడు, అంతే. న్యాయంగా చెప్పుకోవాలి కదా.

నేను మడి దగ్గరికి పోయాను. ఎండిన మొక్క ఒకటి పీకాను. దాని పక్కది ఇంకా వంగి కనబడింది, దాన్నీ పీకాను. పచ్చగా ఉన్నవే మిగిలితే మడి ముద్దుగా కనబడుతుంది, సారు ఖుషీ అవుతాడు, పిల్ల గెలుస్తుంది. నేను మేలు చేస్తున్నాననే అనుకున్నాను. పని చేస్తున్నకొద్దీ చెయ్యి తేలికైంది. ఇన్ని నెలలు కట్టేసిన ఎద్దును విప్పినట్టు ఉంది నాకు.

చాచా పంప్‌హౌస్ వైపు నుంచి వచ్చి చూసి నిలబడిపోయాడు.

"నక్కో బహెన్, వద్దు! మేడం ఏం చెప్పింది?"

"చెప్పింది చెప్పింది. రేపు సారు ముందట ఈ పుల్లలు చూపిస్తవా? ఇజ్జత్ పోదా?"

"ఇజ్జత్ నీదా, మొక్కదా?"

"నువ్వు నమాజుకు పో చాచా, టైమవుతుంది" అన్నాను. శుక్రవారం కదా. ఆయన చేతులు దులుపుకుని పోయాడు. ఆయన ఉంటే ఆపేవాడేమో. ఉండకుండా చేసింది కూడా నేనే.

ఎండినవి అయిపోయాయి. సగం ఎండినవి మొదలుపెట్టాను. అవి తీశాక మధ్యలో నిలబడ్డ పచ్చవి బోసిగా, ఒంటరిగా కనబడ్డాయి. అట్లా ఉంటే బాగుండదని వాటినీ తీశాను. పనిలో ఉన్న మనిషికి ఎక్కడ ఆగాలో తెలియదు. అన్నం బెల్లు కొట్టేసరికి నడుము ఎత్తి వెనక్కి చూశాను. మడిలో నాలుగో వంతు మిగిలింది, గోడ దిక్కు ఒక పట్టె అంత. మిగతాది నున్నటి మట్టి. పీకినవన్నీ పంప్‌హౌస్ వెనక కుప్ప పడి ఉన్నాయి. కాయలు కుప్పలో కూడా గలగలమంటున్నాయి.

అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో. అన్నం డబ్బా మూత తీయలేదు.

చాచా తిరిగొచ్చి చూశాడు. తిట్టలేదు. ఒక మొక్క తీసుకుని వేరు చూసి, "టూట్ గయా" అన్నాడు. గిలిగిచ్చ వేరు నేలలోకి సూటిగా దిగుతుంది, పీకితే తెగిపోతుంది, మళ్లీ నాటినా బతకదు. అయినా ఇద్దరం పది మొక్కలు గుచ్చి నీళ్లు పోశాం. సాయంత్రానికి తలలు వాల్చేశాయి. సూపర్‌వైజర్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఏంది గిది? గింతగనం పీకమన్ననా నేను? సరే, రేపు పొద్దుగాల్ల బంతి కుండీలు తెచ్చి పాతుండ్రి. ఆమెకు నేను చెప్త, పురుగు పట్టి చచ్చిపోయినయని."

ఆ పిల్లకు ఫోను చేద్దామని రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. చెయ్యలేదు. ఏమని చెప్పను?

శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి ఖాళీ మట్టిలో ఇరవై బంతి కుండీలు సగం పాతి ఉన్నాయి. స్కూటీ స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయింది. అది పక్కకు ఒరిగిపోతుంటే చాచా ఉరికి పట్టుకున్నాడు.

"ఎవరు?" అంది.

"పురుగు పట్టి చచ్చిపోయినయ్ మేడం. నిన్న తీసేయించిన" అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుంది. తెగిన వేరు ఒకటి పైకి తీసింది. అది ఇంకా తెల్లగా, పచ్చిగా ఉంది. చచ్చిన మొక్క వేరు అట్లా ఉండదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకుని బంతి కుండీ సర్దాను. నా బతుకులో అంత పిరికిపని ఇంకోటి చెయ్యలేదు.

"కుండీలన్నీ తీసెయ్యండి" అంది. అంతే. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

పదకొండు గంటలకు పెద్దసారు ఇంకో ఇద్దరితో వచ్చాడు. ఎండ చురుక్కుమంటోంది. ఖాళీ మట్టి మధ్య బంతి కుండీలు తీసిన గుంతలు, గోడ పక్కన పట్టె అంత మడి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"మిగతావి ఏమైనయ్?"

"పురుగు పట్టి చచ్చినయ్ సార్. గీ మొక్క మన నేలకు నిలబడదు" అన్నాడు సూపర్‌వైజర్.

ఆఫీసరు పిల్ల ఏదో అనబోయింది. పెద్దసారు చెయ్యి ఎత్తాడు. "చూడమ్మా, ఒక్క సీజన్ కూడా నిలబడని దానికి ఇంత జాగా పెట్టుకుని కూర్చోలేం. మొత్తం పార్కింగుకు రాసెయ్యండి."

పక్కనాయన కాగితం తీశాడు. పెన్ను క్యాప్ తీసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. సూపర్‌వైజర్ నాకు మేలే చేస్తున్నాడు. నోరు మూసుకుని ఉంటే ఇంకో ఏడాది గడిపి ఇంటికి పోతాను. ఎవరూ నన్నేమీ అడగలేదు, అడిగేటట్టు కూడా లేరు.

"సార్, అవి చావలే" అన్నాను. "నేను పీకిన."

సూపర్‌వైజర్ పళ్లు కొరికాడు. "ఏయ్, నువ్వు ఊకో అమ్మా."

"ఊకోను. నిన్న పొద్దుగాల్లకెల్లి అన్నం బెల్లు దాక నేనే పీకిన. మేడం పీకొద్దన్నది. నేను ఇనలే."

పెద్దసారు నన్ను మొదటిసారి చూశాడు. అప్పటిదాకా నేను ఆయనకు గోడలాగా ఉన్నాను. "ఎందుకు పీకినవ్?"

"మీరొస్తున్నరని సార్."

ఆయన వెంట వచ్చిన ఒకాయన దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

అప్పుడే పంప్‌హౌస్ వెనక నుంచి చాచా కేక. "మేడం! ఇధర్ ఆవో, జల్దీ! అందరు రాండ్రి, ఉరకకుండ్రి, మెల్లగ!"

పోయాం. నేను పీకి పడేసిన కుప్ప మీద ఎండ పడుతోంది. కుప్ప కదులుతున్నట్టు కనబడింది. దగ్గరికి పోతే సీతాకోకచిలుకలు. నల్ల రెక్కల మీద నీలి చుక్కలవి, నారింజ రంగువి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, వాడిన కాడలకు అతుక్కుని ఉన్నాయి. చాచా చెయ్యి పెట్టినా లేవలేదు. నిలబడ్డ మడిలో నెలంతా కలిపి చూసినవాటి కంటే ఆ కుప్ప మీదే ఎక్కువ ఉన్నాయి. ఆఫీసరు పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నిన్నటి నుంచి వాడుతున్న కాడలు కదా, ఆ వాసన ఎంత దూరం పోయిందో ఏమో.

పెద్దసారు వంగి చూశాడు. ఫోను తీసి ఫొటో కూడా పట్టుకున్నాడు. తర్వాత నవ్వుతూ అన్నాడు: "అయితే మడి ఎందుకమ్మా? వీటికి కుప్పే చాలు కదా."

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. నాకు కోపమొచ్చింది. కోపమొస్తే నాకు భయం తెలియదు, మా ఆయన అనేవాడు ఆ మాట.

"కుప్ప నాలుగు రోజులకు మట్టయితది సార్. వచ్చే ఏడు కుప్ప యాడికెల్లి తెస్తరు? నయాపూల్ల అమ్మరు. అడిగి వచ్చిన."

ఆయన నవ్వు ఆపాడు. గోడ పక్క పట్టె దాకా నడిచాడు, తిరిగొచ్చాడు. తీర్పు అక్కడే చెప్పాడు. మొక్కలు నిలబడి ఉన్నంత మేర మడికే. ఖాళీగా ఉన్నంత మేర పార్కింగు. చాక్‌పీసు తెప్పించి గీత గీయించాడు. నేను అన్నం బెల్లు విని నడుము ఎత్తిన చోటు నుంచే ఆ గీత పోయింది. ఇంకో పది నిమిషాలు బెల్లు ఆలస్యమైతే ఇంకో వరస పోయేది. ఆరోజు నన్ను ఆపింది నా తెలివి కాదు, ఆకలి.

వాళ్లు పోయాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. మెచ్చుకుంటుందని నేనేమీ అనుకోలేదు. మెచ్చుకోలేదు కూడా.

"నిన్న నాకు ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది కదమ్మా" అంది.

"అవును బిడ్డా" అన్నాను.

ఆ పట్టెలో మొక్కలు ఎండేదాకా ఎండాయి, గింజలు రాల్చాయి, మరుసటి వానకు మొలిచాయి. నేను రిటైరయ్యేదాకా దాన్ని నేనే చూసుకున్నాను, ఎక్కువగా చేతులు కట్టుకుని. మాలీకి అంతకన్నా కష్టమైన పని లేదు. ఈ మధ్య చాచాతో పోయి చూశాను, ఇంకా ఉంది. స్కూటర్లు మాత్రం దాని కంటే మూడింతల జాగాలో నిలబడి ఉన్నాయి.

సారు వచ్చిపోయిన వారానికి నాకు మెమో వచ్చింది. పై అధికారి చెప్పిన మాట కాదని మొక్కలు ఎందుకు తీశావో రాతపూర్వకంగా చెప్పాలని. అప్పటికి నేను అక్షరాలు నేర్చుకుని మూడేళ్లు. కాలనీ బడిలో సాయంత్రం క్లాసుకు పోయి, యాభై దాటాక దిద్దాను. జీతం రిజిస్టర్లో సంతకం పెట్టడం తప్ప ఎవరికీ ఏమీ రాయలేదు. ఆఫీసు క్లర్కు మంచివాడు. "కూర్చో అమ్మా, నేను రాస్త, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు. నేను రాస్తానన్నాను. ఆయన టీ తాగి వచ్చినా నేను రెండో లైనులోనే ఉన్నాను. అయిపోయాక కాగితం తీసుకుని చదివాడు. మొక్కలు వాటంతట అవి చావలేదు, తీయొద్దని మేడం చెప్పారు, నేను విన్నాను, అయినా పీకాను అని ఉంది.

"గింత సీదా రాస్తరా ఎవరన్న? గిది చూసి ఏమన్న చేస్తరు నిన్ను. 'సూపర్‌వైజర్ చెప్పినందుకు' అని రాయి."

"ఆయన పీకమని చెప్పలే."

"పోనీ, ఇక్కడ 'పొరపాటున' అని ఒక్క మాట పెట్టు. జాగా ఉంది."

నేను ఆ జాగా వంక చూశాను. ఒక్క మాట పట్టేంత ఖాళీ ఉంది నిజమే.

"పొరపాటున కాదు సారూ. సోయిలో ఉండే, తెలిసే పీకిన" అన్నాను. కాగితం వెనక్కి తీసుకుని, కింద నా పేరు రాసి ఇచ్చాను.